తుది తీర్పు, దేవునికి లెక్క అప్పగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో చాలావరకు భూస్థాపన అయిపోయాక అడిగేవే. ప్రసంగంలో తీర్పు మాట వినిపించినప్పుడు ఎవరూ నోరు మెదపరు. తర్వాత ఎవరో ఒకరు పక్కకు పిలిచి మెల్లగా అడుగుతారు. కొందరు అదీ అడగకుండా ఏళ్ళ తరబడి లోపల టెన్షన్ పడుతుంటారు. క్రైస్తవులంతా ఒప్పుకునేది ఏది, ఎక్కడ విడిపోతారు అన్నది వేరువేరుగా చెప్పాను. నా అభిప్రాయం అయినచోట అది నాదేనని తెలిసేట్టు రాశాను.

తుది తీర్పు అంటే ఒక్క మాటలో ఏమిటి?

క్రీస్తు తిరిగి వస్తాడు, చనిపోయినవాళ్ళు లేస్తారు, అందరూ ఆయన ముందు నిలబడి తమ బతుకుకు లెక్క అప్పగిస్తారు. మూలం ఇంతే. 325లో నైసియా సభ రాసుకున్న విశ్వాస ప్రమాణంలోనే, ఆయన సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి వస్తాడన్న మాట ఉంది. కాథలిక్కులు, ఆర్థడాక్స్ వాళ్ళు, ప్రొటెస్టెంట్లు ఇక్కడివరకు ఒక్కటే. తేడాలన్నీ దీని తర్వాతే మొదలవుతాయి.

పాత తెలుగు బైబిల్లో "విమర్శదినము" అని ఉంటుంది. విమర్శకీ తీర్పుకీ ఏం సంబంధం?

ఇప్పుడు విమర్శ అంటే తప్పులు పట్టడం అనుకుంటాం. ఆ అర్థంతో చదివితే, దేవుడు ఆ రోజంతా మనల్ని తిడుతూ కూర్చుంటాడేమో అనిపిస్తుంది. ఈ మాటకు పాత అర్థం వేరు. ఒక విషయాన్ని అన్ని వైపుల నుంచి పరిశీలించి, ఏది ఏమిటో తేల్చడం విమర్శ. గ్రీకు మూలంలో ఉన్న "క్రిసిస్" అన్న మాట కూడా అలాంటిదే. వేరుచేయడం, తేల్చడం, నిర్ణయించడం దాని అర్థాలు.

తీర్పు అనగానే శిక్ష ఒక్కటే గుర్తుకు రావడం మన పొరపాటు. నిర్దోషి అని తేల్చడం కూడా తీర్పే. పాత నిబంధనలో దెబోరా, గిద్యోను లాంటివాళ్ళను న్యాయాధిపతులు అన్నారు. వాళ్ళ కథలు చదివితే, కుర్చీలో కూర్చుని శిక్షలు వేయడం కంటే, నలిగిపోతున్న జనాన్ని విడిపించడమే వాళ్ళ ముఖ్యమైన పని అని తెలుస్తుంది.

తీర్పు తీర్చేది ఎవరు? తండ్రా, కుమారుడా?

కుమారుడు. తండ్రి తీర్పు తీర్చే అధికారమంతా కుమారునికి అప్పగించాడని యోహాను 5:22 చెబుతుంది. ఐదు వచనాలు దాటాక కారణం కూడా చెబుతుంది: ఆయన మనుష్యకుమారుడు కనుక. మనిషిగా బతికి, ఆకలి, అలసట, శోధన ఎరిగినవాడు మనుషుల లెక్క చూస్తాడన్నమాట. ఏథెన్సులో అరేయొపగు అనే సభ మధ్య నిలబడి పౌలు కూడా ఇదే అన్నాడు. దేవుడు ఒక దినాన్ని నిర్ణయించాడు, ఒక మనుష్యుణ్ణి నియమించాడు, ఆయన్ని మృతుల్లోనుంచి లేపి దానికి రుజువు ఇచ్చాడు. పునరుత్థానం అనగానే అక్కడున్న కొందరు ఎగతాళి చేశారు (అపొస్తలుల కార్యములు 17).

2 కొరింథీయులకు 5:10లో మనమందరం "క్రీస్తు న్యాయపీఠము" ఎదుట నిలబడతామని ఉంది. గ్రీకులో ఆ న్యాయపీఠానికి "బేమా" అని పేరు. రోమా అధికారి కూర్చుని కేసులు విచారించే ఎత్తైన వేదిక అది. కొరింథువాళ్ళకు ఇది పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. వాళ్ళ ఊళ్ళోనే పౌలును గల్లియో అనే అధిపతి ముందుకు లాక్కెళ్ళి నిలబెట్టారు. డెల్ఫీలో దొరికిన ఒక శాసనాన్ని బట్టి గల్లియో పదవీకాలం 51–52 ప్రాంతమని లెక్కకట్టారు. బేమాగా గుర్తించిన రాతి వేదిక కొరింథు శిథిలాల్లో ఇప్పటికీ ఉంది.

యేసును విచారించడానికి పిలాతు కూర్చున్నది కూడా బేమా మీదే. యోహాను 19:13లో ఉన్నది సరిగ్గా ఆ మాటే. అంటే మనకు తీర్పు తీర్చబోయేవాడు ఒకప్పుడు దోషిగా ఆ పీఠం కింద నిలబడినవాడు. అన్యాయపు తీర్పు ఎలా ఉంటుందో ఒంటిమీద గాయాలతో తెలిసినవాడు. ఈ పేజీ మొత్తంలో ఒక్క సంగతే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోమంటాను.

మంచి పనులు ఒకవైపు, చెడ్డ పనులు ఒకవైపు వేసి త్రాసులో తూస్తారా?

కొత్త నిబంధనలో అలాంటి త్రాసు లేదు. మధ్యయుగపు చర్చి చిత్రాల్లో, శిల్పాల్లో మిఖాయేలు దూత త్రాసు పట్టుకుని ఆత్మలను తూస్తూ కనిపిస్తాడు. మన మనసులో ఉన్న బొమ్మ చాలావరకు అక్కడిదే. దానియేలు 5లో బెల్షస్సరు రాజును త్రాసులో తూచగా తక్కువైనట్టు ఉంది గాని, అక్కడ ఒక పళ్ళెంలో మంచి, మరో పళ్ళెంలో చెడు పెట్టలేదు. రాజే తేలిపోయాడు.

యేసు వాడిన పోలికలు వేరు: కోత, వల, గోధుమల మధ్య గురుగులు, గొర్రెలు మేకలు, యజమాని తిరిగొచ్చి లెక్క అడగడం. ప్రకటన 20లో గ్రంథాలు విప్పుతారు, వాటితోపాటు జీవగ్రంథం అని ఇంకొకటి విప్పుతారు. యాభై ఒకటి మంచి, నలభై తొమ్మిది చెడు, కాబట్టి పాస్ అనే లెక్క వీటిలో ఎక్కడా లేదు.

రక్షణ విశ్వాసం వల్లే అంటారు. మళ్ళీ తీర్పు క్రియల ప్రకారం అంటారు. ఏది నిజం?

అడగాల్సిన ప్రశ్నే. ధర్మశాస్త్ర క్రియలు లేకుండా విశ్వాసం వల్లే మనిషి నీతిమంతుడుగా ఎంచబడతాడని పౌలు రోమా 3:28లో అన్నాడు. అదే పౌలు ఒక అధ్యాయం ముందు, దేవుడు ప్రతివానికీ వాని క్రియల చొప్పున ప్రతిఫలం ఇస్తాడన్నాడు. ఆయన మర్చిపోయి రెండు రకాలుగా రాశాడనుకోలేం.

16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్తలు లూథర్, కాల్విన్ వారసులు ఇచ్చే జవాబు చెట్టు, పండు పోలికతో ఉంటుంది. పండ్లు కాసినందుకు చెట్టు మామిడి చెట్టు కాలేదు, మామిడి చెట్టు కనుకే ఆ పండ్లు కాసింది. తీర్పులో క్రియలు సాక్ష్యంగా వస్తాయి, రక్షణకు వెలగా కాదు. 1547లో ట్రెంట్ సభ కాథలిక్ జవాబు చెప్పింది: మొదలు కృపదే, అయితే ఆ కృపతో కలిసి చేసిన క్రియలకు నిజమైన విలువ, ప్రతిఫలం ఉన్నాయి. ఈ గొడవ శతాబ్దాల పాటు నడిచింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్ సభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. అన్ని తేడాలూ పోలేదు గాని, నీతిమంతులుగా ఎంచబడటం కృపవల్లే అన్న మూలం దగ్గర ఒప్పందానికి వచ్చాయి.

నాకు ఎక్కువగా ఉపయోగపడింది మత్తయి 25. అక్కడ రాజు నీతిమంతుల్ని గొర్రెలుగా, మిగిలినవాళ్ళను మేకలుగా వేరుచేస్తాడు. గొర్రెల గుంపు, మేకల గుంపు రెండూ రాజు మాట విని ఆశ్చర్యపోతాయి. ప్రభువా, నువ్వు ఆకలిగా ఉండటం మేమెప్పుడు చూశాం అని నీతిమంతులే అడుగుతారు. వాళ్ళు తమ మంచిపనుల పద్దు రాసిపెట్టుకోలేదు. ఆకలిగా ఉన్నవాడు కనిపించాడు, పెట్టారు, మర్చిపోయారు. వాళ్ళ తరఫున లెక్క గుర్తుపెట్టుకున్నది రాజే. "నీ నామంలో ప్రవచించలేదా, దయ్యాలను వెళ్ళగొట్టలేదా" అంటూ పద్దు చదివి వినిపించినవాళ్ళు మత్తయి 7లో ఉన్నారు. వాళ్ళకు దొరికిన జవాబు, నేను మిమ్మల్ని ఎన్నడూ ఎరుగను అని.

విశ్వాసులు కూడా తీర్పులో నిలబడాలా?

నిలబడాలి. మనలో ప్రతివాడూ తన్నుగురించి దేవునికి లెక్క అప్పగించాలని పౌలు రాసింది సంఘానికే (రోమా 14:12). బోధకులకు మరింత కఠినమైన తీర్పు ఉంటుందని యాకోబు 3:1 చెబుతుంది. మైకు పట్టుకోవాలని తొందరపడేవాళ్ళు ముందు చదవాల్సిన వచనం అది.

మరి క్రీస్తు యేసునందున్నవారికి ఏ శిక్షావిధీ లేదని రోమా 8:1 అంటుంది కదా? శిక్షావిధి వేరు, లెక్క వేరు. 1 కొరింథీయులకు 3లో పౌలు ఇల్లు కట్టే పోలిక తెచ్చాడు. పునాది క్రీస్తే. దానిమీద ఒకడు బంగారం, వెండితో కడతాడు, ఒకడు కర్ర, గడ్డి, కొయ్యకాలుతో కడతాడు. అగ్ని వచ్చి కట్టినదాన్ని పరీక్షిస్తుంది. కాలిపోతే కట్టినవాడికి నష్టం, కానీ అతను మాత్రం మంటల్లోంచి బయటపడ్డట్టు రక్షించబడతాడు.

విశ్వాసుల తీర్పు, మిగిలినవాళ్ళ తీర్పు రెండూ వేర్వేరు అనేవాళ్ళున్నారు. విశ్వాసులకు క్రీస్తు న్యాయపీఠం, క్రీస్తు వెయ్యేళ్ళ పాలన తర్వాత మిగిలినవాళ్ళకు ప్రకటన 20లోని ధవళ సింహాసనం. 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడి బోధలతో ఈ అమరిక బాగా వ్యాపించింది. ఇంగ్లండులో 1646లో సిద్ధమైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం మాత్రం ఒకే దినం, ఒకే తీర్పు అంటుంది. కాథలిక్, ఆర్థడాక్స్, లూథరన్ సంఘాలదీ అదే మాట. చార్టులు గీసుకుని కొట్టుకునేంత విషయం ఇందులో ఉందని నేననుకోను. మన లెక్క మనం చెప్పాలన్నది రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి.

చనిపోయిన వెంటనే ఏమవుతుంది? ఆ దినం వరకు ఎక్కడ ఉంటారు?

మనుషులు ఒక్కసారే చనిపోవాలి, ఆ తర్వాత తీర్పు జరుగుతుంది అని హెబ్రీ 9:27. మధ్యలో ఎంత కాలమో అది చెప్పదు. కాథలిక్ బోధలో రెండు దశలున్నాయి: చనిపోయిన వెంటనే ఎవరికి వారికి జరిగే ప్రత్యేక తీర్పు, చివర్లో అందరి ముందు జరిగే సాధారణ తీర్పు. దీన్ని 1336లో పన్నెండవ బెనెడిక్ట్ పోపు స్పష్టంగా ప్రకటించాడు. కృపలో చనిపోయినా ఇంకా శుద్ధి కావలసినవారికి ఉత్తరించు స్థలం ఉంటుందంటారు. ఆర్థడాక్స్ వాళ్ళు మృతుల కోసం ప్రార్థిస్తారు గాని ఆ నిర్వచనాన్ని ఒప్పుకోరు. ప్రొటెస్టెంట్లు ఉత్తరించు స్థలాన్ని పూర్తిగా కాదంటారు. వారిలో ఎక్కువమంది విశ్వాసి ఆత్మ వెంటనే ప్రభువు దగ్గరికి వెళ్తుందని నమ్ముతారు. పునరుత్థానం వరకు అది నిద్ర లాంటి స్థితి అని అడ్వెంటిస్టులు నమ్ముతారు.

ఏయే సంగతులకు లెక్క అడుగుతారు?

వ్యర్థంగా పలికిన ప్రతి మాటకూ (మత్తయి 12:36). ఫోన్ చేతిలో ఉన్న కాలంలో ఈ ఒక్క వచనమే చాలు నిద్ర పట్టకపోవడానికి. తర్వాత రహస్యాలకు (రోమా 2:16). చేయగలిగి చేయనివాటికి కూడా. మత్తయి 25లో మేకల మీద మోపిన నేరం ఒక్కటైనా వాళ్ళు చేసిన పని కాదు. అన్నీ చేయని పనులే.

అప్పగించినదానికీ లెక్క ఉంది. యజమాని దాసులకు డబ్బు అప్పగించి వెళ్ళిన తలాంతుల ఉపమానంలో ఒక తలాంతు అందుకున్నవాణ్ణి పాపం పేదవాడు అనుకుంటాం. అప్పట్లో ఒక తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు. ఒక దేనారం కూలివాడి ఒకరోజు కూలి. సెలవులు తీసేసి చూస్తే దాదాపు ఇరవై ఏళ్ళ సంపాదన. అతనికి తక్కువ ఇవ్వలేదు, అతనే భయపడి గుంట తవ్వి దాచాడు. యజమాని కఠినుడని తనకు తాను చెప్పుకున్న కథే అతన్ని ముంచింది.

సువార్త అసలు విననివాళ్ళ సంగతి? చిన్నపిల్లల సంగతి?

తెలిసినంతకే లెక్క అన్నది బైబిల్లో పదేపదే కనిపించే సూత్రం. యజమాని ఇష్టం తెలిసీ చేయనివాడికి ఎక్కువ దెబ్బలు, తెలియక చేసినవాడికి తక్కువ (లూకా 12:47–48). తన అద్భుతాలు కళ్ళారా చూసిన కొరాజీను, బేత్సయిదా ఊళ్ళ కంటే అన్యుల పట్టణాలైన తూరు, సీదోనుల గతి ఓర్వతగినదిగా ఉంటుందని యేసు అన్నాడు. ధర్మశాస్త్రం లేనివాళ్ళకు మనస్సాక్షే సాక్ష్యమిస్తుందని రోమా 2 చెబుతుంది.

ఇక్కడినుంచి సంఘాలు విడిపోతాయి. తమ తప్పు లేకుండా సువార్త ఎరగక, నిండు మనసుతో దేవుణ్ణి వెదికేవాళ్ళకు కూడా రక్షణ దొరకవచ్చని రెండవ వాటికన్ సభ 1964లో చెప్పింది. యేసు నామాన్ని విని నమ్మకుండా రక్షణ లేదని చాలామంది ఇవాంజెలికల్ బోధకులు గట్టిగా నిలబడతారు. సువార్త ప్రకటించాలన్న తపన వాళ్ళకు అక్కడినుంచే వస్తుంది. ఎవరికి లెక్క ఎలా కట్టాలో మనకు అప్పగించలేదన్నదే నాకు తోచేది.

పసివాళ్ళ గురించి సూటి వచనం లేదు. బిడ్డ చనిపోయినప్పుడు దావీదు, నేను వాని దగ్గరికి పోతాను అన్న మాటను (2 సమూయేలు 12:23) చాలామంది తల్లిదండ్రులు పట్టుకుని నిలబడ్డారు. పట్టుకోనివ్వండి.

ప్రేమగల దేవుడు తీర్పు ఎందుకు తీర్చాలి? అందరినీ క్షమించేస్తే పోయేది కదా?

ఈ ప్రశ్న అడిగేవాడు ఎక్కడ నిలబడి అడుగుతున్నాడో చూడాలి. ఎవరి చేతిలోనూ పెద్దగా నష్టపోనివాడికి తీర్పు అనవసరంగా కనిపిస్తుంది. బిడ్డను చంపినవాడు దర్జాగా తిరుగుతుంటే చూడాల్సి వచ్చిన తల్లికి అలా కనిపించదు. ప్రకటన 6లో హతసాక్షులు బలిపీఠం కిందనుంచి ఎంతకాలం ప్రభువా అని కేక వేస్తారు. ఆ కేకకు జవాబు లేకపోతే, చంపినవాళ్ళే గెలిచినట్టు.

96వ కీర్తన చదివితే మన ఊహ తలకిందులవుతుంది. ప్రభువు భూమికి తీర్పు తీర్చడానికి వస్తున్నాడని పొలాలు సంతోషిస్తాయట, అడవి చెట్లన్నీ ఉత్సాహధ్వని చేస్తాయట. భయపడేది ఎవరు? తప్పుడు త్రాసుతో తూచినవాళ్ళు. విధవరాలి పొలం మింగినవాళ్ళు. చాలా ఏళ్ళు నేను ఈ కీర్తనను పాడుతూ కూడా చివరి వచనం గమనించలేదు.

ఇంకో లాభం ఉంది. పగతీర్చుకోకండి, అది దేవునికి వదిలేయండి అని రోమా 12:19. పైకోర్టు ఉందని నమ్మినవాడే చేతిలో రాయి కింద పడేయగలడు.

నరకం శాశ్వతమా?

యేసు వాడిన "గెహెన్న" అన్న మాట యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరునుంచి వచ్చింది. ఒకప్పుడు అక్కడ పిల్లలను అగ్నిలో బలి ఇచ్చారని యిర్మీయా 7లో ఉంది. విన్నవాళ్ళకు ఆ పేరే ఒళ్ళు జలదరించేది.

ఎక్కువ సంఘాల బోధ, మత్తయి 25:46 ఆధారంగా, ఆ శిక్ష నిత్యమైనదని. అగస్టీన్ దీన్ని బలంగా వాదించాడు. దుష్టులు చివరికి నశించి లేకుండా పోతారని అడ్వెంటిస్టులు అంటారు. ఆంగ్లికన్ బోధకుడు జాన్ స్టాట్ కూడా 1988లో, పట్టుబట్టకుండానే, ఆ వైపు మొగ్గాడు. చివరికి అందరూ దేవుని దగ్గరికి తిరిగి వస్తారన్న ఆశ 3వ శతాబ్దపు ఓరిజెన్ పేరుతో ముడిపడి ఉంది. 6వ శతాబ్దంలో సంఘం అతని బోధలను ఖండించింది. మూడు పక్షాలవాళ్ళూ వచనాలు చూపిస్తారు. ఎవరి పక్షమైనా, ఇంకొకరు నరకానికి పోతారని చెబుతూ ఆనందపడే మనిషి కనిపిస్తే అతని బోధకు దూరంగా ఉండండి.

ఆ దినం ఎప్పుడు?

తెలియదు. కుమారునికి కూడా తెలియదని మార్కు 13:32. అయినా అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు 1844 అక్టోబరు 22 అని నమ్మి ఎదురుచూశారు. హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో ప్రసంగీకుడు 2011 మే 21 అన్నాడు, అది దాటాక అక్టోబరు అన్నాడు. ఇంకెవరైనా తేదీ చెబితే విని, మర్నాటి పని చూసుకోండి.

ఇది కర్మ సిద్ధాంతం లాంటిదేనా?

చేసినదానికి ఫలితం ఉంటుందన్నంతవరకు పోలిక ఉంది. క్రైస్తవ బోధలో బతుకు ఒక్కటే, మరో జన్మలో తీర్చుకునే వీలు లేదు. ఫలితం దానంతట అదే నడిచే నియమం కూడా కాదు, ఒక వ్యక్తికి మనం ముఖాముఖి చెప్పుకోవాల్సిన లెక్క. వ్యక్తి కనుక క్షమించగలడు.

క్షమాపణ అడిగాను. అయినా భయం పోవడం లేదు. ఏం చేయాలి?

ముందు, ఎవరికైనా బాకీ ఉందేమో చూడండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాకే, నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నాడు. కొన్నిసార్లు పోని భయం నిజానికి తిరిగి ఇవ్వని డబ్బు, అడగని క్షమాపణ.

అలాంటిది ఏదీ లేకపోయినా అదే పాపాన్ని వందసార్లు ఒప్పుకుంటున్నారా? మార్టిన్ లూథర్ సన్యాసిగా ఉన్నప్పుడు గంటల తరబడి పాపసంకీర్తనం చేసేవాడు, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేవాడు. బయటికి వచ్చాక ఇంకోటి గుర్తొచ్చి మళ్ళీ వెళ్ళేవాడు. పరిపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్ళగొడుతుందని 1 యోహాను 4:18 చెప్పేది తీర్పు దినం గురించే, పై వచనం చూడండి. ఇంత తెలిసీ నిద్ర, తిండి పోయేంత భయం ఉంటే పాస్టరుతోపాటు డాక్టరుకు కూడా చూపించుకోండి. ఒకే ఆలోచన వదలకుండా వేధించే జబ్బు భక్తి రూపంలోనూ వస్తుంది, దానికి చికిత్స ఉంది. అది విశ్వాసం తక్కువై కాదు.

మా నాన్నగారు నమ్మకుండానే పోయారు. ఆయన నరకంలో ఉన్నట్టేనా?

అలా చెప్పే అధికారం ఎవరికీ లేదు, ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ళు తమది కాని కుర్చీలో కూర్చున్నారు. సిలువ మీద దొంగ చివరి గంటల్లో పలికిన మాట పక్కనే వేలాడుతున్నవాడు విన్నాడు. మీ నాన్నగారి చివరి గంటలో ఆయన మనసు ఎవరికి వినిపించిందో మనకు తెలియదు. తప్పకుండా పరలోకంలోనే ఉన్నారని నేను హామీ ఇవ్వలేను, ఇస్తే అదీ అబద్ధమే. సొదొమ కోసం బతిమాలుతూ అబ్రాహాము, సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేయడా అని అడిగాడు. ఆ ప్రశ్న మీరూ అడగవచ్చు, ఏడుస్తూ అయినా.

పరిశుద్ధులు దేవదూతలకు తీర్పు తీరుస్తారని ఉందట, నిజమేనా?

నిజమే, 1 కొరింథీయులకు 6:2–3. ఎలా, ఎప్పుడు అన్నది పౌలు వివరించలేదు. ఆయన ఆ మాట తెచ్చిన సందర్భం మాత్రం చూడదగ్గది. కొరింథు సంఘంలో అన్నదమ్ముల్లా ఉండాల్సినవాళ్ళు చిన్న చిన్న తగాదాలకు ఒకరిమీద ఒకరు కోర్టుకెక్కారు. దేవదూతలకు తీర్పు తీర్చబోయేవాళ్ళు, ఈ పాటి గొడవ మీలో మీరు తేల్చుకోలేరా, దానికంటే నష్టం ఓర్చుకుంటే ఏం పోయింది అని పౌలు వాళ్ళకు సిగ్గు తెప్పించడానికి రాశాడు.